ఈ నెల కారణాలు అయిపోయాయి

పొద్దున్న ఐదూ నలభై బస్సు ఐదూ నలభైకి రాదు. ఆ సంగతి డ్రైవరుకి తెలుసు, కండక్టరుకి తెలుసు, స్టాపులో ఆవులిస్తూ నిలబడే పాతికమందికీ తెలుసు. తెలియనిదల్లా బడివాళ్ళకే. వాళ్ళు మాత్రం ఎనిమిదిన్నరకి టంచనుగా గంట కొట్టించి, మరుక్షణం గేటు మూయించేస్తారు.

ఆ గేటుతో పొట్టికి రోజూ యుద్ధమే. పొట్టి అనేది ఇంట్లో పెట్టుకున్న పిలుపు. పదహారేళ్ళొచ్చినా ఎత్తు పెద్దగా పెరగలేదు గనక పిలుపు అలాగే ఉండిపోయింది. ఇళ్ళకి ప్లాన్లు గీయడం నేర్పే బడి చుట్టుపక్కలంతా కలిపి అదొక్కటే. హాస్టల్లో చోటు లేదన్నారు. లేకపోతే పీడాపోయింది, రోజూ వచ్చి వెళ్తానని పొట్టి ధీమాగా చెప్పి చేరింది. వారం తిరక్కుండానే ఆ ధీమా ఏ బస్సులోనో జారిపోయింది.

ముందు ఇంటి నుంచి పెద్ద రోడ్డు దాకా కిలోమీటరున్నర నడక. ఆ తర్వాత ఐదూ నలభై అనబడే బస్సు. అది నిండుగా వచ్చి, వచ్చాక ఇంకా నింపుకుని, చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆగి, గంటసేపటికి రైలు గేటు దగ్గరికి చేరుతుంది. సరిగ్గా అప్పుడే గేటు పడుతుంది. గూడ్సుబండి వస్తుంది. వస్తూనే ఉంటుంది. మొదట్లో పొట్టి డబ్బాలు లెక్కపెట్టేది, యాభై ఎనిమిదో డబ్బా దగ్గర ఒళ్ళు మండి మానేసింది. గేటు లేచాక బస్టాండు, బస్టాండులో రెండో బస్సు. ఆ బస్సు ఉంటే అందులో దూరడానికి సందు ఉండదు, సందు ఉన్న రోజున అసలు బస్సే ఉండదు. దిగాక పది నిమిషాలు పరుగు. సాయంత్రం మళ్ళీ ఇదంతా వెనక నుంచి ముందుకి. రోజుకి ఆరు గంటలు, అచ్చంగా ఆరు గంటలు, ఏమీ చదవకుండా, ఏమీ గీయకుండా, ఎవరిదో మోచెయ్యి మెడ మీద పెట్టుకుని గడపాలి.

పోనీ చేతులూపుకుంటూ వెళ్ళే పనైనా కాదు. పొట్టి చంకలో డ్రాయింగు బల్ల ఉంటుంది, రెండడుగుల పొడుగు చెక్క. దానికి తోడు టీ స్క్వేరు, అంటే టీ ఆకారంలో ఉండే చెక్క స్కేలు. బస్సులో పైకమ్మీ పొట్టికి అందదు. అందినా పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. బల్ల ఒకాయన మోకాలికి తగిలితే ఆయన తిడతాడు. స్కేలు ఒకావిడ వీపులో గుచ్చుకుంటే ఆవిడ తిడుతుంది. కండక్టరు ఒక్కడే తిట్టడు, వేళాకోళం ఆడతాడు. "బల్లకి కూడా టిక్కెట్టు కొట్టనా, అప్పుడు దానికి సీటు అడగొచ్చు" అంటాడు. అందరూ నవ్వుతారు. పొట్టి పళ్ళు నూరుకుంటూ ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటుంది.

ఇంటికొస్తే కాస్త జాలి దొరుకుతుందా అంటే అదీ లేదు. నాన్న లారీ డ్రైవరు, పదిరోజులకోసారి ఇంట్లో కనబడితే గొప్ప. అమ్మ ఆస్పత్రిలో ఆయా, ఈ ఏడాదంతా నైటు డ్యూటీ. రాత్రి వెళ్ళి పొద్దున్న ఏడింటికి వస్తుంది. మిగిలింది నానమ్మ.

"కూర్చుని వెళ్ళి కూర్చుని రావడమేగా. దానికే ఇంత మొహం వేలాడేసుకొస్తావేంటే" అనేది నానమ్మ.

"కూర్చోవడం ఎక్కడ నానమ్మా. నిలబడ్డానికే చోటుండదు."

"ఎవరో ఒకరు లేస్తార్లే. నువ్వు నోరు తెరిచి అడగవు, అదీ నీ రోగం."

ఇంకా మాట్లాడితే నానమ్మ చిన్నతనం మొదలవుతుంది, అది ఒక పట్టాన ముగియదు. పొట్టి కంచం పట్టుకుని పక్కగదిలోకి పోయేది.

అసలు దీనికంతటికీ ఒక మందుంది. నాలుగూ నలభైకి మొదటి బస్సు ఉంది. అది ఖాళీగా వెళ్తుంది, గూడ్సుబండి రాకముందే గేటు దాటేస్తుంది. అందులో వెళ్తే ఏడింటికల్లా బడి మెట్ల మీద కూర్చుని కాళ్ళూపుకోవచ్చు. కానీ దానికోసం నాలుగింటికే లేచి ఇంటి నుంచి బయల్దేరాలి. కటిక చీకటి. మధ్యలో మూతబడ్డ కలప డిపో, దాని ముందు కుక్కలు. బడిలో చేరిన రోజునే నానమ్మ తేల్చి చెప్పేసింది. "ఆ దారిన ఆ వేళప్పుడు ఈ ఇంటి ఆడపిల్ల వెళ్ళదు. అంతే." నానమ్మ అంతే అన్నాక అమ్మ కూడా నోరెత్తదు.

ఇక బడిలో ఏం జరిగేదంటే, గంట కొట్టాక వచ్చినవాళ్ళు గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీదున్న ఆలస్యాల రిజిస్టరులో రాయాలి. పేరు, టైము, కారణం. రిజిస్టరు అట్ట లోపల ఒక కాగితం అంటించి ఉంటుంది. ఒకే కారణం నెలలో రెండోసారి చెల్లదు, చెల్లకపోతే ఆ రోజు గైర్హాజరు, గైర్హాజర్లు మీరితే పరీక్షకి కూర్చోనివ్వరు. ఎప్పటివాడో ఒక హెడ్మాస్టరు పెట్టిన రూలు అది. వీధి చివర ఇల్లు పెట్టుకుని రోజూ కడుపునొప్పి అని రాసే బద్ధకస్తుల కోసం పెట్టాడట. వాళ్ళు హాయిగా కారణాలు మార్చుకుంటూ బతికిపోయారు. ఇరుక్కున్నది పొట్టి. ఆమె ఆలస్యానికి నెల మొత్తానికీ ఒకటే కారణం, బస్సు.

"బస్సు ఒకటో తారీఖునే వాడేశావు కదమ్మా" అన్నాడు వాచ్‌మన్ ఒకరోజు, వేలితో పేజీ తడుముతూ.

"ఇవాళ బస్సు కాదు బాబాయ్. గేటు పడింది."

"గేటు మూడో తారీఖున. ఇదిగో, నీ రాతే."

"మరేం రాయను?"

వాచ్‌మన్ మంచివాడే. కళ్ళజోడు సర్దుకుని, దుకాణంలో సరుకు చూసినట్టు చూశాడు. "జ్వరం అయిపోయింది. కడుపునొప్పి పోయిన సోమవారం అయిపోయింది. చెప్పు తెగడం నిన్ననే. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా?"

"నానమ్మ ఉంది."

"ఆవిడకి ఏదో ఒకటి చేసెయ్."

అలా మొదలైంది. నానమ్మ స్నానాలగదిలో జారింది. తర్వాతి వారం నడుం పట్టేసింది. పై నెలలో కళ్ళు తిరిగి పడింది, రక్తపోటు పెరిగింది, ఎడమ చెయ్యి లేవడం మానేసింది. ఒక మంగళవారం మాట పడిపోయింది, గురువారానికి కొంచెం వచ్చింది. మధ్యమధ్య అమ్మకి కూడా రెండుసార్లు కాలు బెణికింది గానీ, ఉద్యోగస్తురాలు గనక ఆమె జోలికి పొట్టి ఎక్కువ పోలేదు. ఎలాగూ ఇంతదాకా వచ్చావు కదా, పెద్దావిడని పైకి పంపేస్తే ఏకంగా మూడు రోజుల సెలవిస్తారని వాచ్‌మన్ ఊరించాడు. ఆ మాటకి మాత్రం పొట్టి ససేమిరా అంది.

ఆ నానమ్మేమో ఇంట్లో గుండ్రాయిలా తిరుగుతూ ఉండేది. ఉన్నదొక్కటే, మోకాళ్ళ నొప్పులు. మరీ చిన్న జబ్బని పొట్టి దాన్ని రాయనే లేదు.

శుక్రవారం సాయంత్రం బడి నుంచి ఉత్తరం ఇచ్చి పంపారు. అమ్మ డ్యూటీకి బయల్దేరుతూ, సంచీ భుజాన ఉండగానే విప్పి చదివింది.

"మీ ఇంటి పెద్దావిడ మంచాన పడి ఉన్న పరిస్థితుల్లో అమ్మాయి రోజూ ఇంత దూరం రావడం ఆవిడ సేవకి ఆటంకమని గ్రహించాము. మీ ఇంటి దగ్గరి బడికి మార్చేందుకు బదిలీ పత్రం సానుభూతితో సిద్ధం చేయించాము. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకి ఇంటి పెద్దలు వచ్చి సంతకం చేసి తీసుకోగలరు."

"ఎవరు మంచాన పడింది?" అంది నానమ్మ. అప్పుడామె స్టూలెక్కి అటక దులుపుతోంది.

"ముందు మీరు కిందికి దిగండి అత్తయ్యా" అంది అమ్మ. ఆ తర్వాత పొట్టి వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ పొట్టి, బడివాళ్ళు కోప్పడి పిలిపిస్తారని భయపడింది గానీ, జాలిపడి పంపించేస్తారని కలలో కూడా అనుకోలేదు. దగ్గరి బడిలో డ్రాయింగు లేదు. అక్కడికి మారిందంటే ప్లాన్లూ లేవు, ఏమీ లేవు, ఇన్ని నెలలు బస్సుల్లో నలిగిందంతా బూడిదలో పోసిన పన్నీరే. అంతా ఒప్పేసుకుంది. స్నానాలగదితో మొదలుపెట్టి మాట పడిపోవడం దాకా చెప్పింది.

"అబద్ధాలు నేర్చుకోవడానికా నిన్ను అంత దూరం పంపిస్తోంది?" అంది అమ్మ.

"నిజం రాస్తే చెల్లదన్నారు."

బయట ఆస్పత్రి వ్యాను హారను కొడుతోంది. "సోమవారం పొద్దున్న నాకు సెలవివ్వరు. ఉన్నదే ఇద్దరం ఆయాలం" అని అమ్మ తల పట్టుకుంది.

"దానికింత ఆలోచనేంటి. నేను వెళ్తాను" అంది నానమ్మ, దుమ్ము చేతులు దులుపుకుంటూ. "మంచాన పడ్డదాన్ని నా కాళ్ళ మీద నేను నడిచి ఆ హెడ్మాస్టరు గదిలోకి వెళ్తే, ఇంకా ఆ కాగితం ఎవరికిస్తాడో చూస్తాను. మాట పడిపోయిందట, మాట. పడిపోయిన మాట ఎలా ఉంటుందో వినిపించి వస్తాను."

ఆ ఉపాయం ముగ్గురికీ నచ్చింది. నానమ్మ ఆరోగ్యమే సాక్ష్యం. మనిషిని చూశాక ఇక అడిగేదేముంటుంది?

సోమవారం పొద్దున్న నానమ్మ పెట్టె అడుగునుంచి మంచి బట్టలు తీసి కట్టుకుంది. నూనె రాసి జుట్టు బిగించి ముడి వేసుకుంది. పెద్ద రోడ్డు దాకా పొట్టి కంటే రెండడుగులు ముందే నడిచింది. "చూశావా, ఇంతేగా" అని స్టాపులో నిలబడి చుట్టూ చూసింది. ఐదూ నలభై అయింది. యాభై అయింది. ఆరుకి రెండు నిమిషాలుండగా బస్సు వచ్చింది, తలుపు దగ్గర వేలాడుతున్నవాళ్ళతో సహా.

"ఏం బల్లా, ఇవాళ తోడు కూడా తెచ్చావే" అన్నాడు కండక్టరు.

"సీటెక్కడే?" అంది నానమ్మ, తోపులాటలో లోపలికి జరుగుతూ.

"చెప్పాను కదా నానమ్మా."

"ఎవరో లేస్తార్లే."

ఎవరూ లేవలేదు. కూర్చున్నవాళ్ళందరూ నిద్రపోతున్నారు, కొందరు నిజంగా, కొందరు గట్టిగా కళ్ళు మూసుకుని. నానమ్మ నోరు తెరిచి అడిగింది కూడా. కిటికీ పక్కనున్న పెద్దమనిషి తలకాయ ఇంకో వైపుకి వాల్చుకున్నాడు. "వీడి నిద్ర తగలెయ్య" అంది నానమ్మ. ఒక మలుపులో ఎవరిదో ఇనప్పెట్టె జారి ఆమె కుడిపాదం మీద పడింది. ఇంకో మలుపులో టీ స్క్వేరు కొన ముడిలో చిక్కుకుంది, పొట్టి లాగేసరికి జుట్టంతా ఊడి వీపు మీద పడింది. సర్దుకోవడానికి నానమ్మకి చెయ్యి ఖాళీ లేదు, రెండు చేతుల్తోనూ పొట్టి భుజాన్ని పట్టుకుని ఉంది.

రైలు గేటు పడింది. గూడ్సుబండి రావడం మొదలుపెట్టింది.

"ఇది ఆగదా?" అంది నానమ్మ కాసేపయ్యాక.

"ఆగదు" అంది పొట్టి.

కండక్టరు సందు చూసుకుని దగ్గరికొచ్చాడు. "రోజూ చూస్తుంటాను పెద్దమ్మగారూ, ఈ పిల్ల పాట్లు. నాలుగూ నలభై బస్సుకి వస్తే ఏ గొడవా లేదు కదా. ఖాళీ బస్సు. పడుకుని వెళ్ళొచ్చు."

నానమ్మ వినబడనట్టు గూడ్సుబండి వైపే చూస్తూ నిలబడింది. పొట్టికి మాత్రం ఒక మాట అనాలని నాలుక దురద పెట్టింది.

రెండో బస్సు సంగతి చెప్పుకోకపోవడమే మేలు. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదీ నలభై ఏడు. నానమ్మ కుంటుతోంది. జుట్టు విరబోసుకుని ఉంది, మంచి బట్టల మీద ఎవరి చేతి గ్రీజో నల్లగా అంటుకుంది, ఊపిరి ఈలలా వస్తోంది. సాక్ష్యంగా బయల్దేరిన ఆరోగ్యమంతా దారిలోనే ఖర్చయిపోయింది.

వాచ్‌మన్ రిజిస్టరు ముందుకి తోశాడు. "ఆలస్యమైతే పెద్దవాళ్ళైనా రాయాల్సిందే. కారణం?"

"బస్సు" అంది నానమ్మ.

"మీ అమ్మాయి పేరు మీద ఈ నెల బస్సు అయిపోయిందండి."

నానమ్మ గోడకి చెయ్యి ఆనించింది. "అయిపోవడమేంటి నాయనా? డబ్బాలో పంచదారా అయిపోవడానికి? ఇప్పుడే దాంట్లోంచి దిగాను. నా పాదం చూడు. ఈ జుట్టు చూడు. బస్సు కాక ఇంకేం రాయను?"

వాచ్‌మన్ అప్పుడు తలెత్తి సరిగ్గా చూశాడు. "మీరు..."

"దీని నానమ్మని."

ఆయన గబుక్కున లేచి తన స్టూలు ఆమె వైపు జరిపాడు. కుంటుతున్న కాలు చూశాడు, పొట్టిని చూశాడు. "ఏదో నోటిమాటకి అన్నాను గానీ అమ్మాయ్, నిజంగా అవుతుందని నాకేం తెలుసు" అని గొణిగాడు. ఆ రోజు రిజిస్టరులో ఎవరి చేతా ఏమీ రాయించలేదు.

హెడ్మాస్టరు వాళ్ళని గుమ్మంలో చూస్తూనే కుర్చీలోంచి లేచాడు. తనే వచ్చి నానమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు, గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చాడు. "ఇంత బాధలో మీరెందుకు వచ్చారమ్మా. చెప్పి పంపితే కాగితం ఇంటికే పంపించేవాణ్ణి కదా."

నానమ్మ ఏదో అనబోయింది. నీళ్ళు అడ్డుపడి దగ్గొచ్చింది, మాట రాలేదు. హెడ్మాస్టరు తల పంకించాడు, మాట సంగతి ఆయనకి తెలుసన్నట్టు.

"శ్రమపడకండమ్మా. ఇక్కడ ఒక సంతకం చేస్తే చాలు. చెయ్యి లేవకపోతే వేలిముద్రైనా ఫరవాలేదు." బదిలీ పత్రం, పెన్ను, దాని పక్కనే ఇంకుప్యాడు కూడా పెట్టాడు. అన్నీ ముందే సిద్ధం చేసుకున్నాడు, పాపం.

పొట్టి బల్లని గోడకి ఆనించింది. నోరు మూసుకుంటే డ్రాయింగు పోతుంది. నోరు తెరిస్తే అబద్ధాలకోరు అని ఏం చేస్తారో తెలియదు. ఆ ఇంకుప్యాడు చూశాక ఇక ఆగలేకపోయింది.

"సార్, నానమ్మకి ఏమీ కాలేదు. ఆ కాలు కూడా ఇవాళ బస్సులో తగిలిన దెబ్బే. అవన్నీ నేనే కల్పించి రాశాను."

హెడ్మాస్టరు వాచ్‌మన్‌ని కేకేసి రిజిస్టరు తెప్పించాడు. పేజీలు తిప్పుకుంటూ పోయాడు. "అన్నీనా?"

"బస్సు అనీ, గేటు అనీ రాసినవి తప్ప."

"మాట పడిపోవడం కూడా?"

"అదీనండి."

ఆయన మొహం ఎర్రబడింది. కోపం కంటే చిన్నబుచ్చుకోవడమే ఎక్కువ కనబడింది. "మా ఇంట్లో కూడా చెప్పుకుని బాధపడ్డానమ్మా నేను. రాత్రి అన్నం దగ్గర మా ఆవిడ అడిగేది, ఆ పెద్దావిడకి ఎలా ఉందిట అని."

అప్పటికి నానమ్మకి ఊపిరి తిరిగొచ్చింది. ఊపిరితో పాటు మాట కూడా వచ్చింది. "బాబూ, పిల్లది చేసింది తప్పే. ఇంటికెళ్ళాక నేను చూసుకుంటాను. కానీ నువ్వొక్కసారి ఆ బస్సెక్కు. నేను ఇవాళ ఎక్కాను. ఇన్నాళ్ళూ నేనూ దీన్ని ఎద్దేవా చేసినదాన్నే, కూర్చుని వెళ్ళి రావడమేగా అని. ఒక్క రోజుకే నా పని అయిపోయింది. ఇది రోజూ వస్తోంది. నిజం రాస్తే మీ పుస్తకం ఒప్పుకోదట. మరి ఏం రాస్తుంది?"

హెడ్మాస్టరు అట్ట తిప్పి, లోపల అంటించిన కాగితం చదివాడు. చాలాకాలంగా దాన్ని ఆయన కూడా చదివినట్టు లేదు. రెండోసారి చదివి రిజిస్టరు మూశాడు. నిజానికి ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్ళయితే అసలు ఈ చిక్కే వచ్చేది కాదు.

"సరే" అన్నాడు. "ఒక పని చేద్దాం. దూరం నుంచి వస్తోంది గనక మొదటి పీరియడ్ మినహాయిస్తాను. రోజూ రెండో పీరియడ్‌కి వస్తే చాలు. ఆలస్యం కింద రాయరు. పెద్దవాళ్ళుగా మీరు ఒప్పుకుంటున్నట్టు సంతకం చెయ్యండి."

నానమ్మ మొహం వెలిగిపోయింది. "నీ కడుపు చల్లగా ఉండ నాయనా" అంటూ పెన్ను అందుకుంది. ఇంకో కాగితం ముందుకొచ్చింది. పెన్ను దాని మీద ఆనింది.

"నానమ్మా" అంది పొట్టి. గొంతు సన్నగా వచ్చింది. "మొదటి పీరియడే డ్రాయింగు."

"రోజూనా?"

"రోజూ. ఆ తర్వాత హాలు పెద్దక్లాసువాళ్ళకి కావాలి."

నానమ్మ గోడకి ఆనించి ఉన్న బల్లని చూసింది. పెన్ను మూత పెట్టి హెడ్మాస్టరు ముందుకి జరిపింది. "అయితే ఇది కుదరదు బాబూ. దానికోసం కాకపోతే ఇంత దూరం ఎందుకొస్తుంది ఇది."

హెడ్మాస్టరుకి ఓపిక అంచుకొచ్చింది. రెండు చేతులూ బల్ల మీద పరిచాడు. "అది వద్దంటారు, ఇదీ వద్దంటారు. మరి నన్నేం చెయ్యమంటారమ్మా? రోజూ పావుగంట, అరగంట బడి అంతా ఆగదు కదా ఈ ఒక్క పిల్ల కోసం. అంతకంటే ముందు బస్సు లేదా?"

పొట్టి నేల చూపులు చూసింది. ఒక్క మాట అంటే చాలు, తప్పంతా తన మీద నుంచి దిగిపోతుంది. ఎందుకో ఆ మాట నోటికి రాలేదు. నానమ్మ జుట్టు అలా విరబోసుకుని ఉండగా ఆమె మీద ఇంకొకటి మోపడానికి మనసు ఒప్పలేదు.

"ఉంది" అంది నానమ్మ. "నాలుగూ నలభైకి. నేనే వద్దన్నాను."

"ఎందుకని?"

"ఆ వేళప్పుడు ఒంటరిగా పంపలేం. ఎవరో ఒకరు స్టాపు దాకా తోడు రావాలి. ఇంట్లో ఆ టైములో ఉండేది నేనొక్కదాన్నే." నానమ్మ కాసేపు తన మోకాళ్ళు నిమురుకుంది. "దారి మంచిది కాదని చెప్పాను వీళ్ళకి. దారి మంచిది కాకపోవడం నిజమే. కానీ నేను వద్దన్నది దానికోసం కాదు. చలిలో రోజూ లేచి అంత దూరం నడవాలంటే ఈ మోకాళ్ళకి భయమేసింది. ఆ ముక్క చెప్పడానికి సిగ్గేసి కుక్కల మీదా చీకటి మీదా పెట్టాను."

పొట్టి తలెత్తి చూసింది. ఇన్ని నెలలుగా నానమ్మకి తన మీదున్న బెంగ అనుకుని లోపల్లోపల కోపం దిగమింగుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఇంకా కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ హెడ్మాస్టరు ముందు ఆ మాట ఒప్పుకున్న మనిషి మీద దాన్ని ఎలా చూపించాలో తెలియలేదు.

హెడ్మాస్టరు బదిలీ పత్రం తీసి సొరుగులో పెట్టాడు. చించలేదు. "అయితే రేపటి నుంచి ఆ బస్సు. ఇంకొక్క ఆలస్యం పడిందా, నా చేతుల్లో ఏమీ ఉండదు. ఇవాళ్టికి క్లాసుకి వెళ్ళు."

మర్నాడు మూడింటికి నానమ్మే పొట్టి కాలి మీద ఒక్కటి చరిచి లేపింది. "లే. ఇంకా దొర్లుతావేంటి. రాత్రంతా నాకు నిద్ర లేదు, నువ్వేమో గురక."

"ఇంకా మూడేగా నానమ్మా."

"నా నడకకి మూడే. నువ్వొక్కదానివైతే నాలుగింటికి లేద్దువుగానీ."

నానమ్మకి దెబ్బ తగిలిన పాదం ఉబ్బి చెప్పులో పట్టలేదు. గుడ్డ చుట్టి, నాన్న పాత చెప్పులు తగిలించుకుంది. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో కర్ర. బయటికొచ్చాక ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటూనే నడిచారు. పొట్టి వడివడిగా నడిస్తే "నన్ను వదిలేసి పో, ఎందుకొచ్చాను నేను" అనేది. నెమ్మదిగా నడిస్తే "ఈ నడకకి రేపటికి చేరతాం" అనేది. కలప డిపో దగ్గర కుక్కలు లేచి మొరిగాయి. పొట్టి నానమ్మకి దగ్గరగా జరిగింది. నిజంగానే ఆ దారి పగటిపూట చూసిన దారిలా లేదు. నానమ్మ పొట్టిని గోడ వైపుకి నెట్టి, తను కుక్కల వైపు నడిచింది. కర్ర నేల మీద కొడుతూ వాటిని నానా మాటలూ అంది. మాట ఎంత గట్టిగా అన్నా, టార్చితో కలిపి పొట్టి జబ్బ పట్టుకున్న చెయ్యి మాత్రం చల్లబడిపోయి ఉంది. మోకాళ్ళ కోసం రెండుసార్లు ఆగారు. ఆగిన ప్రతిసారీ నానమ్మ ఆకాశం చూసి వాతావరణం గురించి ఏదో అంది.

నాలుగూ నలభై బస్సు నాలుగూ నలభైకి వచ్చింది. పొట్టికి ముందు అది నమ్మబుద్ధి కాలేదు. లోపల ముగ్గురో నలుగురో ఉన్నారు. కిటికీ పక్క సీట్లో కూర్చుంది, బల్లని పక్కసీట్లో పెట్టింది, కాళ్ళు చాపింది. బడిలో చేరాక బస్సులో కూర్చోవడం ఇదే మొదటిసారి. హమ్మయ్య అనుకుని, నానమ్మకి చెయ్యి ఊపుదామని కిటికీ అద్దం జరిపింది.

నానమ్మ స్టాపులో సిమెంటు దిమ్మ మీద కూర్చుంటోంది. ఒక్కతే. చుట్టూ నరపురుగు లేదు.

అప్పుడు తట్టింది పొట్టికి. నిన్నంతా, రాత్రంతా, దారంతా స్టాపుకి రావడం గురించే ఆలోచించారు. వెళ్ళడం గురించి ఎవరూ ఆలోచించలేదు.

"నానమ్మా, నువ్వెలా వెళ్తావు?"

"వెళ్ళను. తెల్లారాక వెళ్తాను. తల లోపల పెట్టు."

"తెల్లారడానికి ఇంకా గంట పైనే ఉంది."

"ఉంటే ఉండనీ. రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. అలవాటు చేసుకోవాలి. నువ్వా బల్ల కింద పడకుండా చూసుకో."

ఇన్నాళ్ళూ తన ఆరు గంటల గురించి ఎవరికీ పట్టదని ప్రపంచం మొత్తం మీద విసుక్కున్న పొట్టికి ఒక్కసారిగా తన మీద తనకి అసహ్యమేసింది. దిగిపోదామని సగం లేచింది. దిగితే ఆలస్యం, ఆలస్యమైతే సొరుగులోని కాగితం. లేచినది లేచినట్టే ఉండగా బస్సు కదిలింది.

ఆ బస్సు కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. పొట్టి అతన్ని తప్పించుకుని వెనకద్దం దగ్గరికి పరిగెత్తి చూసింది. నానమ్మ కర్ర ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళ మీద బట్ట సర్దుకుంది. బస్సు ఇంకా చూపుమేరలో ఉండగానే, బ్యాటరీ అయిపోతుందని కాబోలు, టార్చి ఆర్పేసుకుంది. ఆ తర్వాత పొట్టికి ఏమీ కనబడలేదు.